మార్సెల్ లెఫెవ్ర్ రోముకు ఎందుకు ఎదురు తిరిగారు

అగ్రపీఠాధిపతి మార్సెల్ లెఫెవ్ర్ ప్రస్తావన ఎక్కడ వచ్చినా, లాటిన్ పూజ (మాస్) కోసం పోపును ధిక్కరించి శ్రీసభ (కతోలిక చర్చి) నుండి వెలి అయిన ఫ్రెంచి పీఠాధిపతి (బిషప్) అని ఒక్క వాక్యంలో చెప్పి ముగించడం పరిపాటి అయింది. ఆ వాక్యం అబద్ధం కాదు గాని, దానివల్ల అసలు తగవు ఎక్కడుందో పాఠకుడికి తెలియదు. పూజ ఏ భాషలో జరగాలన్నదే సమస్య అయితే అది ఏనాడో తీరిపోయేది. లాటినులో పూజ చేయడాన్ని రోము ఎన్నడూ పూర్తిగా నిషేధించలేదు, 1969లో ఆరవ పౌలు పోపు ప్రకటించిన కొత్త పూజాగ్రంథపు మూలప్రతి కూడా లాటినులోనే ఉంది. లెఫెవ్ర్ తగవు పూజ దగ్గర బయటపడింది, కాని దాని వేళ్ళు పూజకు చాలా వెనుక, రాజ్యానికీ మతానికీ ఉండవలసిన సంబంధం ఏమిటి, శ్రీసభ తన పాత బోధను మార్చుకోగలదా, మార్చుకుంటే ఆ సంగతి తేల్చవలసినది ఎవరు అన్న ప్రశ్నల్లో ఉన్నాయి. ఆయన జీవితాన్ని మొదటి నుంచీ చూడకపోతే ఈ ప్రశ్నలు ఒకదానితో ఒకటి ఎలా పెనవేసుకున్నాయో అర్థం కాదు.

ఆయన 1905 నవంబరు 29న ఉత్తర ఫ్రాన్సులోని టూర్క్వాన్ పట్టణంలో పుట్టారు. సరిగ్గా పది రోజుల తరువాత, డిసెంబరు 9న, ఫ్రాన్సు ప్రభుత్వం మతాన్నీ రాజ్యాన్నీ విడదీసే చట్టాన్ని తెచ్చింది. చర్చిల ఆస్తులకు లెక్కలు కట్టడానికి అధికారులు రావడం, మఠవాసులు దేశం విడిచి వెళ్ళవలసి రావడం ఆ తరం ఫ్రెంచి కతోలికుల ఇళ్ళలో చెప్పుకునే కథలు. తండ్రి రెనే లెఫెవ్ర్ నూలు మిల్లు యజమాని, రాచరికమే మేలన్న నమ్మకం గలవాడు. ఎనిమిది మంది సంతానంలో ఐదుగురు గురువులుగానో (ఫాదర్లుగా) కన్యాస్త్రీలుగానో దైవసేవలోకి వెళ్ళారు. రెండవ ప్రపంచయుద్ధంలో నాజీలకు వ్యతిరేకంగా రహస్యంగా పనిచేసినందుకు ఆ తండ్రి పట్టుబడి, 1944లో సోనెన్‌బర్గ్ నిర్బంధ శిబిరంలో మరణించాడు. ఫ్రెంచి విప్లవం నుంచి పుట్టిన లౌకిక రాజ్యం మీద లెఫెవ్ర్‌కు ఉన్న అపనమ్మకం పుస్తకాల్లో చదువుకున్నది మాత్రమే కాదు, అది ఆ ఇంటి గాలిలోనే ఉంది.

రోములోని ఫ్రెంచి గురువిద్యాలయం ఆ అపనమ్మకానికి సిద్ధాంతరూపం ఇచ్చింది. అక్కడి అధిపతి ఫాదర్ ఆన్రి లె ఫ్లోక్ పందొమ్మిదో శతాబ్దపు పోపులు ఉదారవాదాన్ని ఖండిస్తూ వెలువరించిన లేఖలను విద్యార్థులకు శ్రద్ధగా బోధించేవారు. సత్యం ఒక్కటే కాబట్టి రాజ్యం కూడా ఆ సత్యానికి తలవంచాలని, అసత్యానికి బహిరంగంగా ప్రచారం చేసుకునే హక్కు ఉండదని ఆ లేఖల సారాంశం. లె ఫ్లోక్ 1927లో ఆ పదవి నుంచి తప్పుకోవలసి వచ్చింది. రోము ఖండించిన ఒక జాతీయవాద, రాచరికవాద ఉద్యమానికి ఆయన అనుకూలంగా ఉన్నారన్నది అభియోగం. గురువు మీద పడిన ఆ వేటును శిష్యుడు జీవితాంతం అన్యాయంగానే భావించారు. 1929లో లెఫెవ్ర్‌కు గురుపట్టాభిషేకం చేసినవారు లిల్ పీఠాధిపతి అషిల్ లియెనార్. పద్దెనిమిదేళ్ళ తరువాత ఆయనను పీఠాధిపతిగా అభిషేకించిన చేతులు కూడా లియెనారువే. 1962లో మొదలైన రెండవ వాటికన్ మహాసభలో, అంటే కతోలిక పీఠాధిపతులందరి సమావేశంలో, అదే లియెనార్ సంస్కరణవాదుల ముందువరసలో నిలబడ్డారు.

తరువాతి ముప్పై ఏళ్ళ ఆఫ్రికా జీవితాన్ని చాలామంది రెండు ముక్కల్లో దాటేస్తారు. నాకు మాత్రం ఆయనను అర్థం చేసుకోవడానికి ఇదే ముఖ్యమైన ఘట్టంగా కనిపిస్తుంది. 1931లో పవిత్రాత్మ సభ అనే మిషనరీ గురువుల సంఘంలో చేరి, మరుసటి ఏడు గాబోన్ వెళ్ళి, లిబ్రవిల్‌లో స్థానిక యువకులను గురువులుగా తయారుచేసే విద్యాలయంలో బోధించారు. 1947లో డకార్ పీఠాధిపతి అయ్యారు. 1948లో పన్నెండవ పయస్ పోపు ఆయనను ఫ్రెంచి ఆఫ్రికా అంతటికీ తన ప్రతినిధిగా నియమించారు. కొత్త మేత్రాసనాలు (పీఠాధిపతి ఏలుబడిలోని ప్రాంతాలు) ఏర్పరచడం, వాటికి తగిన పీఠాధిపతులను రోముకు సూచించడం, బడులూ విద్యాలయాలూ కట్టించడం ఆయన పని, ఆ పనిలో ఆయన సమర్థతను విరోధులు కూడా కాదనలేదు. 1955లో డకార్ అగ్రపీఠం అయినప్పుడు మొదటి అగ్రపీఠాధిపతి ఆయనే. 1962లో ఆ పీఠాన్ని ఆఫ్రికా బిడ్డడైన హయసింత్ తియాందూమ్‌కు వదిలి ఫ్రాన్సుకు వచ్చారు. తియాందూమ్‌కు గురుపట్టాభిషేకం చేసింది లెఫెవ్రే. ఆయన తరువాత కార్డినల్ అయి, రోముకూ తన గురువుకూ మధ్య రాజీ కుదర్చడానికి ఎంతో ప్రయత్నించారు. అంటే మనం మాట్లాడుకుంటున్నది ఏ మారుమూలనో కూర్చున్న అసంతృప్తుడి గురించి కాదు. ఒక ఖండంలో సగభాగంలో పోపు గొంతుగా పనిచేసిన వ్యక్తి గురించి, విధేయతను తాను పాటించి, ఇతరుల చేత పాటింపజేసిన పాలకుడి గురించి.

మహాసభలో ఏం జరిగింది

1962 నుంచి 1965 వరకు జరిగిన రెండవ వాటికన్ మహాసభకు ముసాయిదాలు తయారుచేసిన కేంద్ర సంఘంలో లెఫెవ్ర్ సభ్యులు. ఆ ముసాయిదాల్లో చాలావాటిని మహాసభ మొదటి విడతలోనే పక్కన పెట్టడం ఆయనకు తొలి దెబ్బ. అప్పుడు ఆయన, బ్రెజిలుకు చెందిన జెరాల్దో సిగౌద్, కాంపోస్ పీఠాధిపతి ఆంటోనియో డి కాస్ట్రో మేయర్ మరికొందరితో కలిసి సంప్రదాయవాద పీఠాధిపతుల కూటమి ఒకటి కట్టారు. దాని సవరణలకు ఒక్కోసారి రెండు మూడు వందల మంది మద్దతు దొరికేది.

ఇక్కడ చాలామంది గమనించని సంగతి ఒకటుంది. దైవార్చన సంస్కరణకు పునాది వేసిన మహాసభ పత్రం 1963 డిసెంబరు 4న 2,147 ఓట్లతో ఆమోదం పొందింది, వ్యతిరేకించినవారు నలుగురే. లెఫెవ్ర్ ఆ పత్రాన్ని వ్యతిరేకించలేదు. లాటిన్ వాడుక కొనసాగాలని, దానితోపాటు ప్రజల భాషలకు మరింత చోటివ్వవచ్చునని అందులో ఉంది. ఆయన ప్రాణం పెట్టి పోరాడింది మతస్వేచ్ఛ మీది ప్రకటనతో. ప్రతి మనిషికీ తన మనస్సాక్షి ప్రకారం దేవుణ్ణి వెతుక్కునే హక్కు ఉందని, ఆ హక్కు అతని మానవగౌరవం నుంచే పుడుతుందని, కాబట్టి ఏ ప్రభుత్వమూ మత విషయంలో ఎవరినీ బలవంతపెట్టరాదని ఆ ప్రకటన చెప్పింది. 1965 డిసెంబరు 7న అది 2,308 ఓట్లతో ఆమోదం పొందగా, వ్యతిరేకించినవారు 70 మంది, వారిలో లెఫెవ్ర్ ఒకరు. పోపు ప్రకటించిన తరువాత సంతకాల పట్టికలో ఆయన పేరు కూడా కనిపిస్తుంది. తాను సంతకం చేయలేదని ఆయన తరువాత అన్నారు. ఆ వివాదం ఆయన అభిమానుల మధ్య కూడా నడిచింది.

ఆయన వాదనను కొట్టిపారేయకుండా వినాలి. పందొమ్మిదో శతాబ్దపు పోపులు తప్పన్న దానిని మహాసభ ఒప్పంటే, శ్రీసభ బోధ మారదన్న మాటకు అర్థమేమిటి? ఒకటి తప్పైతే రెండవది కూడా రేపు తప్పు కావచ్చు గదా? ఇది తర్కబద్ధమైన ప్రశ్న. దీనికి సమాధానంగా మహాసభ పక్షం వారు, పాత పోపులు ఖండించింది సత్యం పట్ల ఉదాసీనతను, మహాసభ గుర్తించింది ప్రభుత్వ బలవంతం నుంచి రక్షణను, రెండూ వేరువేరు అంటారు. 1985లో లెఫెవ్ర్ ఈ విషయంపై తన సందేహాలను రాతపూర్వకంగా రోముకు పంపి, 1987లో వచ్చిన జవాబుతో తృప్తి పడలేదు.

ఈ ఘట్టాన్ని తెలుగు కతోలికుడిగా చదివేటప్పుడు నేను ఆయన పక్షాన నిలబడలేను. ఆయన ఆదర్శం కతోలికులు అత్యధిక సంఖ్యలో ఉన్న రాజ్యం. మనం బతుకుతున్నది వందమందిలో ఇద్దరు ముగ్గురు మాత్రమే క్రైస్తవులు ఉన్న దేశంలో. గుంటూరులోనైనా నల్లగొండలోనైనా ఒక విచారణ (పారిష్) గురువు నిర్భయంగా పండుగ జరిపించగలుగుతున్నాడంటే దానికి ఆధారం రాజ్యాంగంలోని 25వ అధికరణ, అంటే మతస్వేచ్ఛ. మనం అధికులమైన చోట ఇతరులకు ఇవ్వనిదాన్ని, మనం అల్పులమైన చోట హక్కుగా అడగడం ఎలా? మహాసభలో కమ్యూనిస్టు పాలన కింద నలుగుతున్న పోలెండు పీఠాధిపతులు ఆ ప్రకటనను ఎందుకు గట్టిగా బలపరిచారో మనకు సులభంగానే తెలుస్తుంది. వారిలో క్రాకోవ్ అగ్రపీఠాధిపతి కరోల్ వోయితీవా ఒకరు. తరువాత రెండవ జాన్ పాల్ పోపుగా లెఫెవ్ర్ మీద తుది నిర్ణయం తీసుకోవలసి వచ్చినవారు ఆయనే.

పాత పూజ, కొత్త పూజ

ఐదవ పయస్ పోపు 1570లో ట్రెంట్ మహాసభ అనంతరం ప్రకటించిన పూజాగ్రంథం చిన్న చిన్న మార్పులతో నాలుగు వందల ఏళ్ళు నడిచింది, దాని చివరి ముద్రణ 1962 నాటిది. మన తెలుగు విచారణల్లో కూడా 1960ల దాకా గురువు బలిపీఠం వైపు తిరిగి, లాటినులో, చాలా భాగం తగ్గు గొంతుతో చేసిన పూజ ఇదే. 1969 ఏప్రిల్ 3న ఆరవ పౌలు కొత్త గ్రంథాన్ని ప్రకటించారు, ఆ ఏడు ఆగమనకాలపు మొదటి ఆదివారం నుంచి అది అమలులోకి వచ్చింది.

తేడా భాషలో కంటే లోపల ఎక్కువగా ఉంది. పాత పూజ మొదట్లో గురువు బలిపీఠం మెట్ల కింద నిలబడి నలభై రెండవ కీర్తన (ఇప్పటి బైబిళ్ళ లెక్కలో నలభై మూడవది) చదువుతూ తన అయోగ్యతను ఒప్పుకునే భాగం కొత్తదానిలో లేదు. అర్పణ భాగంలో, ఈ నిర్మలమైన బలిని నా లెక్కలేనన్ని పాపాల కోసం అర్పిస్తున్నాను అన్న భావంగల ప్రార్థనలకు బదులు, భూమి పండించిన, మనిషి చేతులు తయారుచేసిన రొట్టె కోసం దేవుణ్ణి స్తుతించే వాక్యాలు వచ్చాయి. ఒకే ఒక ప్రధాన ప్రార్థన ఉండేచోట నాలుగింటిలో ఒకటి ఎంచుకోవచ్చు. బైబిలు పఠనాలు ఏడాదికొక చక్రంగా ఉండేవి, ఇప్పుడు ఆదివారాలకు మూడేళ్ళ చక్రం అయ్యాయి. దీనివల్ల సామాన్యుడు వినే లేఖనభాగం ఎన్నో రెట్లు పెరిగిందన్నది నిజం, దీన్ని సంప్రదాయవాదులు కూడా గట్టిగా కాదనలేరు. కాని మొత్తం మీద చూసినప్పుడు, క్రీస్తు సిలువబలిని మళ్ళీ మన ముందుంచే అర్పణ అన్న భావం పలచబడి, విశ్వాసుల సమావేశం, విందు అన్న భావం ముందుకొచ్చిందని, ఇది ప్రొటెస్టంటు ఆరాధనకు దగ్గరగా జరగడమేనని లెఫెవ్ర్ వాదించారు. ఇది ఆయన ఒక్కరి మాట కాదు. కార్డినళ్ళు ఒట్టవియానీ, బాచ్చీ 1969లోనే ఇటువంటి విమర్శను పోపుకు సమర్పించారు. కొత్త గ్రంథపు సాధారణ సూచనల్లో పూజను నిర్వచించిన ఏడవ పేరాను రోము 1970 ముద్రణలో సవరించింది కూడా. విమర్శలో పస లేకపోతే ఆ సవరణ అవసరమయ్యేది కాదు.

ఒక విషయం మన దేశానికి సంబంధించినది. అదే 1969లో భారత పీఠాధిపతుల సభ అభ్యర్థన మేరకు రోము పన్నెండు అంశాలను ఆమోదించింది. పాదరక్షలు విడిచి నేలమీద కూర్చోవడం, మోకరించడానికి బదులు చేతులు జోడించి వంగి నమస్కారం, పంచాంగ ప్రణామం, హారతి, నూనె దీపం వంటివి వాటిలో ఉన్నాయి. ప్రతి కదలికనూ నియమించిన పాత గ్రంథంలో ఇటువంటి వాటికి చోటే లేదు. మన గుడిలో హారతి చూసి కళ్ళు చెమర్చినవారూ ఉన్నారు, ఇది మనది కాదని మనసు కష్టపెట్టుకున్నవారూ ఉన్నారు. కాబట్టి సంస్కరణ వల్ల పోయిందెంత, వచ్చిందెంత అన్న లెక్క టూర్క్వాన్‌లో ఒక విధంగా, తెలుగునాట మరొక విధంగా తేలుతుంది. లెఫెవ్ర్ మాత్రం తన లెక్క ప్రపంచమంతటికీ ఒక్కటేనని నమ్మారు.

ఎకోన్ కథ

1968లో పవిత్రాత్మ సభ అధిపతి పదవికి రాజీనామా చేశాక ఆయన విశ్రాంతి తీసుకోవాలనే అనుకున్నారు. పాత పద్ధతిలో గురువిద్య నేర్పమని కొందరు యువకులు వచ్చి అడిగారు. 1969లో స్విట్జర్లాండులోని ఫ్రిబూర్‌లో తొమ్మిది మంది విద్యార్థులతో మొదలైంది. 1970 నవంబరు 1న ఫ్రిబూర్ పీఠాధిపతి ఫ్రాన్స్వా షారియెర్, లెఫెవ్ర్ నెలకొల్పిన పునీత పదవ పయస్ సంఘానికి ఆరేళ్ళ ప్రయోగాత్మక అనుమతి ఇచ్చారు. ఇది ముఖ్యం, ఎందుకంటే సంఘం పుట్టుక పూర్తిగా చట్టబద్ధం. వాలే రాష్ట్రంలోని ఎకోన్‌లో విద్యాలయం స్థిరపడి, నాలుగేళ్ళలోనే దాదాపు వంద మందికి పెరిగింది. ఫ్రాన్సులోని విద్యాలయాలు ఖాళీ అవుతున్న కాలంలో ఇది సహజంగానే ఫ్రెంచి పీఠాధిపతులను కలవరపెట్టింది.

1974 నవంబరులో రోము ఇద్దరు పరిశీలకులను పంపింది. వారు విద్యార్థులతో మాట్లాడిన కొన్ని మాటలు విశ్వాసానికే విరుద్ధమని కలత చెందిన లెఫెవ్ర్, నవంబరు 21న ఒక ప్రకటన రాశారు. శాశ్వతమైన కతోలిక రోముకు తాము కట్టుబడి ఉంటామని, మహాసభలోనూ తరువాతి సంస్కరణల్లోనూ బయటపడిన నవ్యధోరణుల రోమును అనుసరించబోమని దాని సారాంశం. రోము రెండుగా చీలి కనిపించడం ఇక్కడే మొదలు. 1975 మే నెలలో షారియెర్ వారసుడు పియెర్ మామీ సంఘం అనుమతిని రద్దు చేశారు. ఈ రద్దు పద్ధతి ప్రకారం జరగలేదని లెఫెవ్ర్ అప్పీలు చేసినా ఫలితం లేకపోయింది. 1976 జూన్ 29న, పోపు వద్దన్నా, ఆయన తన విద్యార్థులకు గురుపట్టాభిషేకం చేశారు. జూలై 22న దివ్యసంస్కారాలన్నీ జరపకుండా ఆయనపై నిషేధం పడింది. ఆగస్టు 29న లిల్ నగరంలో వేలాది మంది ముందు ఆయన బహిరంగంగా పూజ చేశారు. సెప్టెంబరులో ఆరవ పౌలు ఆయనను కలుసుకుని మాట్లాడారు, ఏమీ తేలలేదు. అప్పటికి ఐదేళ్ళ ముందే, 1971లో, అగథా క్రిస్టీ వంటి రచయితలూ కళాకారులూ చేసిన విన్నపం మీద ఇంగ్లండులో పాత పూజకు అదే పోపు పరిమితమైన అనుమతి ఇచ్చారు. పూజ ఒక్కటే విషయమైతే దారి దొరికేదని నేను మొదట అనడానికి కారణం ఇది. లెఫెవ్ర్ అడుగుతున్నది పూజ చేసుకునే అనుమతిని మాత్రమే కాదు, మహాసభ తప్పిందని అంగీకరించమని. ఏ పోపూ అది ఇవ్వలేడు.

ఇక్కడ ఒక మెలిక విప్పకపోతే తరువాతి కథ అర్థం కాదు. కతోలిక ధర్మశాస్త్రం ఒక కార్యం చెల్లుతుందా అన్నదాన్నీ, దాన్ని చేయడానికి అనుమతి ఉందా అన్నదాన్నీ వేరువేరుగా చూస్తుంది. సక్రమంగా అభిషేకం పొందిన పీఠాధిపతి, సరైన ఉద్దేశంతో, సరైన విధితో ఎవరికైనా గురుపట్టం ఇస్తే, పోపు నిషేధించినా ఆ పట్టం చెల్లుతుంది, ఆ వ్యక్తి నిజంగా గురువే, అతడు చేసే పూజలో దివ్యసత్ప్రసాదం (క్రీస్తు శరీరంగా స్వీకరించే రొట్టె) నిజమైనదే. కాని అది అక్రమం, పాపం, శిక్షార్హం. మన చట్టంలో బాల్యవివాహం చేయించినవారికి శిక్ష పడుతుంది గాని చాలా సందర్భాల్లో ఆ పెళ్ళి దానంతటదే రద్దు కాదు, ఆ పోలిక పూర్తిగా సరిపోకపోయినా దారి చూపుతుంది. అయితే పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకుని క్షమాపణ పొందడం), వివాహం అనే రెండింటికి పట్టం ఒక్కటే చాలదు, పీఠాధిపతి ఇచ్చే అధికారం కూడా కావాలి. అందుకే లెఫెవ్ర్ సంఘపు గురువుల పూజ చెల్లుతుందని రోము ఒప్పుకుంటూనే, వారి దగ్గర చేసిన పాపసంకీర్తనాలు చెల్లవని దశాబ్దాల పాటు చెప్పింది.

చెల్లుబాటు అన్న ఈ సూత్రమే లెఫెవ్ర్ చేతిలోని బలమూ, భయమూ. ఎనభై దాటిన తనకు ఏమైనా అయితే ఎకోన్ విద్యార్థులకు పట్టం ఇచ్చేదెవరు? గురువు లేకపోతే పూజ లేదు, పీఠాధిపతి లేకపోతే గురువు లేడు. 1986 అక్టోబరులో రెండవ జాన్ పాల్ అస్సీసి పట్టణంలో అన్ని మతాల పెద్దలతో కలిసి శాంతి కోసం ప్రార్థన ఏర్పాటు చేయడం ఆయన దృష్టిలో చివరి హద్దు దాటడం. 1987 జూన్‌లో తన వారసులను తానే అభిషేకిస్తానని ప్రకటించారు.

రోము తరఫున కార్డినల్ జోసెఫ్ రాట్జింగర్ చర్చలు నడిపారు. 1988 మే 5న ఇద్దరూ ఒక ఒప్పందంపై సంతకం చేశారు. సంఘానికి గుర్తింపు, పాత పూజాగ్రంథం వాడే హక్కు, సంఘంలోంచి ఒక పీఠాధిపతి, ఇవన్నీ అందులో ఉన్నాయి. మరునాడే లెఫెవ్ర్ వెనక్కి తగ్గి, అభిషేకానికి జూన్ 30 తేదీ ఖరారు చేయాలని పట్టుబట్టారు. రోము ఆగస్టు 15 లోపల వీలు కల్పిస్తామన్నా ఆయనకు నమ్మకం కుదరలేదు. తాను చచ్చేదాకా రోము సాగదీస్తుందన్న అనుమానం ఆయనను వదలలేదు. జూన్ 30న ఎకోన్ మైదానంలో వేల మంది ఎదుట బెర్నార్ ఫెలే, బెర్నార్ టిస్సియే దె మల్లరే, రిచర్డ్ విలియమ్సన్, అల్ఫోన్సో దె గలారెత్తా అనే నలుగురు గురువులను పీఠాధిపతులుగా అభిషేకించారు. సహ అభిషేకకర్త కాస్ట్రో మేయర్. పోపు ఆజ్ఞాపత్రం ఉందా అని అభిషేక విధిలో ఒక ప్రశ్న ఉంటుంది. ఎప్పుడూ విశ్వాసపాత్రమైన రోము శ్రీసభ నుంచి తమకు ఆజ్ఞ ఉందన్న అర్థంలో ఆ రోజు జవాబు చదివారు. ఆరుగురికీ బహిష్కరణ వర్తించిందని రోము మరునాడు ప్రకటించింది.

తప్పనిసరి పరిస్థితిలో చట్టం మీరినవాడికి శిక్ష వర్తించదన్న సూత్రం ధర్మశాస్త్రంలో ఉంది, లెఫెవ్ర్ ఆశ్రయించింది దాన్నే. దీని బలహీనత మాత్రం స్పష్టం. తప్పనిసరి అయిందా లేదా అని తేల్చేది ఎవరు? ప్రతివాడూ తనకు తానే తేల్చుకుంటే ఇక పీఠాధికారం మిగలదు, ఈ సంగతి ఆయన సంఘమే తన ఒంటిమీద అనుభవించింది. 1983లో అమెరికాలో తొమ్మిది మంది గురువులు లెఫెవ్ర్ కూడా చాలినంత కఠినంగా లేరని విడిపోయారు. నాజీలు విషవాయు గదుల్లో యూదులను చంపలేదని 2009లో టీవీలో మాట్లాడి సంఘానికి తీరని అప్రతిష్ఠ తెచ్చిన విలియమ్సన్‌ను సంఘం 2012లో బహిష్కరించింది. ఆయన 2015 నుంచి తన సొంత పీఠాధిపతులను, మళ్ళీ తప్పనిసరి అనే కారణంతోనే, అభిషేకించడం మొదలుపెట్టారు. లెఫెవ్ర్ కూడా ముస్లిం వలసదారుల గురించి అన్న మాటలకు 1990లో ఫ్రెంచి న్యాయస్థానంలో జరిమానా కట్టవలసి వచ్చింది. ఆయన భక్తిని గౌరవించేవారు ఈ పక్షాన్ని దాచకూడదు. నాజీ శిబిరంలో చనిపోయిన తండ్రి కథ ఎంత నిజమో ఇదీ అంతే నిజం.

1991 మార్చి 25న ఆయన మార్తిన్యీలో కన్నుమూశారు. నేను పొందినదానినే మీకు అందించాను అన్న పౌలు అపొస్తలుడి మాటను తన సమాధి మీద రాయమన్నారు. నెల తిరిగేసరికి కాస్ట్రో మేయర్ కూడా పోయారు. 1981లో పదవి దిగేదాకా కాంపోస్ మేత్రాసనంలో పాత పూజను నిలబెట్టినవారాయన. ఆయన వెనుక మిగిలిన గురువులు 2002లో రోముతో రాజీపడి, పాత పూజతోనే, సొంత పీఠాధిపతితోనే శ్రీసభలో కొనసాగుతున్నారు. ఎకోన్ అదే దారిలో ఎందుకు వెళ్ళలేదన్నదానికి సమాధానం మళ్ళీ మహాసభ దగ్గరే దొరుకుతుంది.

1988 జూలైలోనే, అభిషేకాలతో ఏకీభవించని పన్నెండు మంది దాకా గురువులు విడిపోయి, పోపు ఆశీస్సులతో పునీత పేతురు సంఘాన్ని స్థాపించారు. 2007లో, పదహారవ బెనెడిక్ట్‌గా మారిన అదే రాట్జింగర్, పాత గ్రంథం ఎప్పుడూ రద్దు కాలేదని ప్రకటించి ఏ గురువైనా దాన్ని వాడుకోవచ్చునన్నారు. 2009 జనవరిలో నలుగురు పీఠాధిపతుల బహిష్కరణను ఎత్తివేశారు. ఫ్రాన్సిస్ పోపు 2015లో వారి పాపసంకీర్తనాలకు, 2017లో వివాహాలకు మార్గం కల్పించారు. అదే ఫ్రాన్సిస్ 2021 జూలైలో బెనెడిక్ట్ ఇచ్చిన స్వేచ్ఛను వెనక్కి తీసుకుని, రోము దైవార్చనకు కొత్త గ్రంథమే ఏకైక రూపమని, పాతదానికి అనుమతి పీఠాధిపతుల చేతిలో ఉంటుందని ఆజ్ఞాపించారు. దానివల్ల ఎక్కువ నొచ్చుకున్నది లెఫెవ్ర్ సంఘం కాదు. విధేయతతో రోమును నమ్మి లోపలే ఉండిపోయిన పాత పూజ భక్తులు. వారి బాధను నేను తేలికగా తీసుకోలేను. పాత పూజను ప్రేమించడం వేరు, మహాసభను తిరస్కరించడం వేరు అని ముప్పై ఏళ్ళు నిరూపించుకున్నవారు వారే.

అభిషిక్తులైన నలుగురిలో టిస్సియే 2024 అక్టోబరులోనూ, సంఘానికి దూరమైన విలియమ్సన్ 2025 జనవరిలోనూ మరణించారు. ప్రపంచం నలుమూలలా పెరిగిన సంఘానికి అప్పటికి మిగిలిన పీఠాధిపతులు ఇద్దరే, వారు కూడా అరవై అయిదు దాటినవారు. గురువిద్యాలయాల్లో చదువు ముగించుకునే యువకులకు ఎవరు పట్టమివ్వాలి, అందుకు రోము అనుమతి కోసం ఎదురుచూడాలా వద్దా అని లెఫెవ్ర్ ఎనభై రెండేళ్ళ వయసులో వేసుకున్న ప్రశ్న, ఆయన వారసుల ముందుకు తిరిగి వచ్చింది.